రెండున్నర నిమిషాల తెలుగు

మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు ట్రైలర్లవి. అక్క వడపళని గుడికి బయలుదేరగానే మేనల్లుడు నా పక్కకు చేరి ఫోను లాక్కుంటాడు. ఆ వారం వచ్చినవన్నీ వరుసగా పెడతాడు. వాడికి తొమ్మిదేళ్లు, నాకు నలభై మూడు. బొమ్మల సినిమా అయితే ఇద్దరిలో ఎవరి ఆత్రం ఎక్కువో మా అమ్మ కూడా చెప్పలేదు.

"మామయ్యా, తెలుగుది వచ్చిందా?" అన్నది వాడి మొదటి ప్రశ్న. ముందు ఇంగ్లీషు ట్రైలర్ దిగుతుంది. ఆ వెనకే హిందీ, తమిళం, తెలుగు. తెలుగుది రాకపోతే మిగతావి రెండోసారి చూడడు, నన్నూ చూడనివ్వడు. వాడు పుట్టింది చెన్నై సాలిగ్రామంలో. బడిలో ఇంగ్లీషు, తమిళం. ఈ రాష్ట్రంలో 2006లో వచ్చిన చట్టంతో బడి పిల్లలకు తమిళం తప్పనిసరి అయింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, ఉంటున్న ఊరి భాష రాకపోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. కాకపోతే వాడి తెలుగు అక్షరాల్లో లేదు, చెవిలోనే ఉంది. అమ్మమ్మ కథలు, వాళ్ళమ్మ తిట్లు, నా కబుర్లు, ఆపైన ఈ ట్రైలర్లు. వాడి తెలుగు వాచకం ఇంతే.

చిక్కు ఎక్కడంటే, ట్రైలర్ తెలుగులో చూస్తాం, సినిమా మాత్రం చూడలేం. తెలుగు ట్రైలర్ ఫోనులో ఉంటుంది కాబట్టి ప్రపంచంలో ఎక్కడున్నా అందుతుంది. సినిమా థియేటర్‌లో ఉంటుంది. చెన్నై థియేటర్‌లో బొమ్మల సినిమా అంటే ఇంగ్లీషు, లేకపోతే తమిళం. తెలుగు ప్రదర్శన ఎప్పుడైనా పడితే ఊరికి ఆ చివర, రాత్రి పది దాటాక. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఆ వేళకు ఎవరు తీసుకెళతారు?

2024 డిసెంబరులో 'ముఫాసా' వచ్చినప్పుడు ఇదే జరిగింది. తెలుగు ట్రైలర్‌లో ముఫాసా అనే సింహానికి మహేశ్‌బాబు గొంతు. మేము దాన్ని ఇరవైసార్లయినా చూసి ఉంటాం. వాడు ఆ మాటలన్నీ కంఠతా పట్టి, గ్రిల్ పట్టుకుని బాల్కనీలో గర్జించేవాడు. తీరా సినిమాకు వెళితే మా వైపు ఆడుతున్నది తమిళం. అందులో ముఫాసా గొంతు అర్జున్ దాస్‌ది. బ్రహ్మాండమైన గొంతు, బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. కానీ మావాడు అరగంట దాకా నా చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. "ఇతను ముఫాసా కాదు మామయ్యా." ఇతను కూడా ముఫాసాయే అన్నాను. "మరి మన ముఫాసా ఎక్కడ?" అన్నాడు. మహేశ్‌బాబు పెరిగింది ఈ చెన్నైలోనే. ఇక్కడ పెరిగిన మనిషి గొంతు ఇక్కడి పిల్లవాడికి థియేటర్‌లో వినబడలేదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొని సంగతి మార్చాను.

మరునాడు ఆఫీసులో ఇది చెబితే, పక్క కుర్చీ మిత్రుడు (ఆయనదీ గుంటూరే) నన్ను జాలిగా చూశాడు. "తెలుగులో ఎందుకు చూస్తారండీ అసలు? ఒరిజినల్‌లో చూపించండి, పిల్లవాడికి ఇంగ్లీషు అయినా బాగుపడుతుంది" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నెల్లూరులో కాలేజీ రోజుల్లో నేను కూడా డబ్బింగ్ సినిమా అంటే మూతి ముడిచినవాడినే. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ ఏడాది పైనే గడిపాను. దొరికింది ఇదీ.

బొమ్మకు మాతృభాష ఉండదు.

ఒక మనిషి నటించిన సినిమాను ఇంకో భాషలోకి మారిస్తే ఆ మనిషి గొంతు తీసేసి ఇంకొకరిది అతికిస్తున్నాం. అక్కడ ఏదో పోతుందన్న మాట నిజం. గీసిన సింహానికి, గీసిన నక్కకు, గీసిన పిల్లకు తీసేయడానికి సొంత గొంతే లేదు. లాస్ ఏంజెలస్‌లో ఒకాయన గాజు గదిలో మైకు ముందు నిలబడి దానికి గొంతు ఇచ్చాడు. హైదరాబాదులోనో, మా సాలిగ్రామం సందుల్లోనో ఇంకొకాయన అలాంటి గదిలోనే నిలబడి ఇచ్చాడు. ఒకటి అసలు, రెండోది నకలు అని ఎవరు తేల్చారు?

మిత్రుడి తరఫున నేనే వాదిస్తాను, ఎందుకంటే ఆయన వాదన బలమైనదే. అమెరికా యానిమేషన్‌లో ముందు గొంతు, తరవాత బొమ్మ. నటుడు పలికింది రికార్డు చేసుకుని, ఆ ఊపిరి, ఆ విరుపు విని, అందుకు తగ్గట్టు గీస్తారు. 1992 నాటి 'అలాద్దీన్'లో జీనీకి రాబిన్ విలియమ్స్ నోటికొచ్చినట్టు అల్లుకుపోతే, చిత్రకారుడు ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఆ వేగానికి తగ్గట్టు బొమ్మను రూపాలు మార్పించాడు. ఆ జీనీ నుంచి ఆ గొంతును విడదీస్తే మిగిలేది నీలం రంగు మాత్రమే. ఒప్పుకుంటాను. ప్రపంచంలోని ఏ డబ్బింగూ అక్కడ నిలవలేదు.

కానీ అదే సూత్రమని ఎలా అనగలం? జపాన్‌లో మామూలుగా పద్ధతి తిరగబడి ఉంటుంది. ముందు బొమ్మ కదులుతుంది, తరవాత నటులు తెర వైపు చూస్తూ గొంతు కలుపుతారు. అంటే జపనీయులు తమ సినిమాకు తమ భాషలోనే డబ్బింగ్ చెప్పుకుంటున్నారన్నమాట. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' మన దేశంలో తెలుగు, తమిళం సహా పలు భాషల్లో విడుదలైంది. అందులో కథానాయకుడు తంజిరో జపనీస్‌లో పలికితే అసలు, తెలుగులో పలికితే నకలు అనడానికి, ముందు ఎవరు మైకు పట్టుకున్నారన్నది తప్ప ఇంకో ఆధారం కనబడదు. వాళ్ళ నటులు ఎక్కువ బాగా పలికారంటారా, అది వేరే వాదన. ఆ వాదనకు నేను సిద్ధమే, దానికే వస్తున్నాను.

ఇంకో ఉదాహరణ చూడండి. జపాన్‌వారు, మనవారు కలిసి 1992లో పూర్తిచేసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 2025 జనవరిలో మళ్ళీ థియేటర్లకు వచ్చింది, తెలుగులో కూడా. యూగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్ దాని దర్శకులు. గీసింది జపాన్ చేతులు, మాటలు ఇంగ్లీషు, పాటలు సంస్కృతం, కథ వాల్మీకిది. ఆ రాముడి మాతృభాష ఏది? ఆయనకు ఇంగ్లీషు ఒరిజినల్, తెలుగు డబ్బింగ్ అని ఎవరైనా మా అమ్మ ముందు అనగలరా?

మద్రాసులో కూర్చుని డబ్బింగును చిన్నచూపు చూడడం మరీ విడ్డూరం. తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా 1950 నాటి 'ఆహుతి'. దానికి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. మహాప్రస్థానం రాసిన చేయి, హిందీ పెదాల కదలికకు తెలుగు అక్షరాలు లెక్కపెట్టింది. తరవాత కమల్‌హాసన్‌కు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 'ముత్తు' నుంచి రజనీకాంత్‌కు మనో. 2008లో వచ్చిన 'దశావతారం' తెలుగులో కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి బాలుగారే పలికారు. ఆ గొంతులను తెలుగువాడు ఎప్పుడైనా అతుకు అనుకున్నాడా? రజనీకాంత్ తెలుగులో అలాగే మాట్లాడతాడని మా నాన్న చివరిదాకా నమ్మాడు. 'బొంబాయి', 'జెంటిల్‌మన్' తెలుగు మాటలు రాసిన శ్రీరామకృష్ణ ఈ ఊళ్ళోనే ఉండేవారు. 2024లో పోయారు. ఆయన మాటలు నోటికి వచ్చినవారు వేలల్లో ఉంటారు, ఆయన పేరు తెలిసినవారు ఎంతమంది?

ఇక పనితనం సంగతి. ట్రైలర్లను శబ్దం తీసేసి చూడడం నాకు ఒక పిచ్చి. పెదాలు మాత్రమే చూస్తాను. సెకనుకు 24 ఫ్రేములు. పెదాలు నాలుగు ఫ్రేముల పాటు మూసుకున్నాయంటే సెకనులో ఆరో వంతు. అంత చిన్న మూతను కూడా కన్ను పట్టేస్తుంది. ప, బ, మ పలికినప్పుడు పెదాలు కలుస్తాయి కాబట్టి డబ్బింగ్ రచయిత ముందు వెతికేది వాటినే. తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మనది అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది, అంటే నోరు తెరుచుకునే ముగుస్తుంది. ఇంగ్లీషు మాట హల్లుతో ఠక్కున మూసుకుంటుంది. బొమ్మ పెదాలు మూసేసి నిలబడి ఉంటే మన మాట ఇంకా "తున్నాను" అంటూ గాలిలో తేలుతుంది. కింద బొమ్మ మౌనం, పైన మనిషి గోల.

దీనికి మందు తెలుగులోనే ఉంది. అదేమిటంటే సున్న. చూద్దాం, చేద్దాం, సిద్ధం, నిజం, ప్రాణం. మాట చివర సున్న పడితే పెదాలు చక్కగా మూసుకుంటాయి. మంచి డబ్బింగ్ రచయిత వాక్యాన్ని తిప్పి తిప్పి ఆ సున్న దగ్గరికి తెస్తాడు. అది దొరికిన చోట నాకు ఒళ్ళు జలదరిస్తుంది. హీరో ఎగిరి రైలు మీద దూకినప్పుడు కూడా అంత జలదరించదు. ఈ మాట అంటే అక్క నవ్వుతుంది.

కాబట్టి నా కోపం డబ్బింగ్ మీద కాదు, నకలులా రాసే డబ్బింగ్ మీద. ఈ మధ్య ట్రైలర్లలో ఒక వింత తెలుగు వినబడుతోంది. "నువ్వు దీన్ని చేయగలవు" అంటుంది తల్లి ఎలుగుబంటి పిల్లతో. ఏ తెలుగు తల్లి అలా అంది? "నీ వల్ల అవుతుంది, వెళ్ళు" అంటుంది. "నేను నిన్ను చూసి గర్వపడుతున్నాను" అంటాడు తండ్రి. మా నాన్న నా జీవితంలో ఆ వాక్యం పలకలేదు. నేను ఇంజనీరింగ్ పాసయిన రోజున నా వైపు చూడకుండా అమ్మతో "వాడికి ఇంకో గరిటె వెయ్యి" అన్నాడు. దాని అర్థం నాకు తెలుసు, అమ్మకు తెలుసు. "ఇది నీ సమయం", "నీ హృదయం చెప్పేది విను", "మనమంతా ఒక కుటుంబం" - ఇవన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నా తెలుగు కావు. మిత్రుడు ఒరిజినల్‌లో చూడమన్నది వీటిని విని అయితే, ఆయనను నేను తప్పుపట్టలేను.

రెండో జబ్బు దీనికి పూర్తిగా ఎదురు. అనువాదం చప్పగా ఉందని భయపడి, మసాలా కింద మన హీరోల పంచ్ డైలాగులు తెచ్చి పెంగ్విన్ నోట్లో పెడతారు. థియేటర్‌లో ఈల పడుతుంది, నిజమే. ఆ ఈల పెంగ్విన్‌కు కాదు. పదేళ్ల తరవాత ఆ పంచ్ ఎవరిదో పిల్లలకు గుర్తుండదు, పెంగ్విన్ మాత్రం అర్థం లేని మాట అంటూ మిగిలిపోతుంది. మూడోది ఇంకా బాధ పెడుతుంది. ప్రతినాయకుడు గ్రాంథికం మాట్లాడతాడు, నాయకుడు పత్రికల తెలుగు మాట్లాడతాడు, తెలివితక్కువ తోడు జంతువు మాత్రం ఏదో ఒక ప్రాంతపు యాస మాట్లాడుతుంది. ఆ యాస సొంతమైన ఒక పిల్ల తెర ముందు కూర్చుని ఉంటుందని రాసేవారికి తోచదా?

పాట్లు పడాల్సిన చోట రచయితను పాట్లు పడనివ్వండి. 2023లో మన దేశంలో పది భాషల్లో విడుదలైన 'స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్'లో పవిత్ర్ ప్రభాకర్ అనే మన స్పైడర్‌మ్యాన్, "చాయ్ టీ" అన్నవాడిని ఆటపట్టిస్తాడు. చాయ్ అంటేనే టీ, మళ్ళీ టీ ఎందుకని. దాన్ని తెలుగులో ఉన్నదున్నట్టు పెడితే సగం నవ్వే వస్తుంది. మన దగ్గర "రిటర్న్ వెనక్కి వచ్చాను" అనేవారు, "గోడ మీద వాల్‌పోస్టరు" అనేవారు ఇంటికొకరు ఉన్నారు. అక్కడ వెతికితే ఇంకా మంచి నవ్వు దొరుకుతుంది. నా దృష్టిలో రచయితకు జీతం ఇచ్చేది అందుకే.

తారల గొంతుల గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉండేది. ట్రైలర్ మొదలవగానే తార పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఇక సింహం కనబడదు, పోస్టర్ కనబడుతుంది. మహేశ్‌బాబు ముఫాసా వింటున్నప్పుడు నాకు అచ్చంగా అదే జరిగింది. సవానా గడ్డిలో ఆయన చొక్కా మడతపెడుతూ నడుస్తున్నట్టే అనిపించింది. పుంబా, టిమోన్‌ల సంగతి వేరు. 2019 నాటి 'లయన్ కింగ్' నుంచి వాటికి బ్రహ్మానందం, అలీ. ఆ ఇద్దరి గొంతుల్లో దశాబ్దాల జంట హాస్యం ఉంది, అడవిపందీ ముంగిసా ఆ ఆస్తిని ఉచితంగా వారసత్వం పుచ్చుకున్నాయి. అందులోనే ముఫాసాకు పి. రవిశంకర్. తండ్రి పీజే శర్మ, అన్న సాయికుమార్, ఇంటిల్లిపాదీ గొంతుతో బతికిన కుటుంబం. ఆయన పలికితే తార గుర్తుకు రాదు, పాత్రే గుర్తుకొస్తుంది. కాబట్టి డబ్బింగ్ వృత్తిగా ఉన్నవారికే ఇవ్వాలి, తారలకు వద్దు అని రాయాలనే కూర్చున్నాను.

మావాడు నా వాదన పాడుచేశాడు. వాడికి ముఫాసాలో మహేశ్‌బాబు కనబడనే లేదు. వాడు ఆయన సినిమాలు రెండో మూడో చూశాడు, అవి కూడా నిద్రమత్తులో. వాడికి అది సింహం గొంతు, అంతే. ఆ మధ్య టీవీలో మహేశ్‌బాబు సినిమా వస్తుంటే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "మామయ్యా, ఈయన ముఫాసాలా మాట్లాడుతున్నాడు" అన్నాడు. ఇక నేనేం వాదించను? కనీసం ఒక్కటి అడుగుతాను. తార పేరు వేసిన పలక మీదే మిగతా గొంతుల పేర్లు కూడా వేయండి. హైనాకు పలికినవారికీ అమ్మానాన్నలు ఉంటారు.

మా అమ్మ ట్రైలర్లు చూడదు, 'మహావతార్ నరసింహ' ఒక్కటి తప్ప. 2025 జూలైలో వచ్చిన అశ్విన్ కుమార్ సినిమా అది. హిరణ్యకశిపుడు నోరు విప్పగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రంగారావు లేడు" అంది. ఇక్కడే వడపళనిలో ఏవీఎం వారు 1967లో తీసిన 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావును చూసిన కళ్ళు అవి. తెలుగు మొదటి టాకీ కథ కూడా ఇదే, 1932లో. తొంభై ఏళ్లకు పైగా ప్రహ్లాదుడు తెలుగు వినిపిస్తూనే ఉన్నాడు. ట్రైలర్ సగంలో ఉండగానే అమ్మ "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అంటూ అందుకుంది, ఫోనులోని సంగీతం దాని కింద వాద్యంలా మోగింది. పోతన పదిహేనో శతాబ్దంలో సంస్కృతం నుంచి తెచ్చాడు ఈ కథను. ఆ పద్యం అనువాదమని, ఒరిజినల్‌లో చదువుకోమని మన గుంటూరు మిత్రుడు అంటాడేమో అడగాలి.

ఒక్క మాట మిత్రుడికి వదిలేస్తాను. పెదాలకు తెలుగు నేర్పవచ్చు గానీ చేతులకు నేర్పలేం. హాలీవుడ్ బొమ్మ భుజాలు ఎగరేస్తూ, చూపుడువేళ్ళతో గాలిలో కొటేషన్ గుర్తులు పెడుతూ "ఏమో" అంటుంది. మనవాడు "ఏమో" అంటే పెదవి విరుస్తాడు, అరచేయి తిప్పుతాడు. ఆ లోటు మనం గీసుకున్న బొమ్మలే తీర్చాలి. గీయడం లేదా అంటే గీస్తున్నాం. ఈ చెన్నైలోనే పెంటామీడియా సంస్థ 2000లో పాండవుల కథను త్రీడీ బొమ్మల్లో తీసింది, ఇంగ్లీషులో. ఛోటా భీమ్ పుట్టిల్లు హైదరాబాదు, అతని ఊరు మాత్రం ఢోలక్‌పూర్. భీముడి మీద తెలుగువారికి ఉన్న హక్కు గురించి ఇంకో వ్యాసం రాయాలి.

థియేటర్ల వారికి చెప్పదలచుకున్నది చిన్నదే. ఈ ఊళ్ళో తెలుగు హీరో సినిమా వస్తే అన్నా శాలై పక్కన క్యాసినో థియేటర్ ముందు తెలుగు మాటలు వినబడతాయి, ఎవరూ ఎక్కడివారని అడగరు. ఆ పెద్దల పిల్లలే వీళ్ళు. శని, ఆదివారాల్లో పగటిపూట ఒక్క తెలుగు ఆట వేసి చూడండి. రాకపోతే మానేయండి. రాత్రి పదింటికి వేసి, ఎవరూ రాలేదని మాత్రం అనకండి.

పోయిన ఆదివారం మరో ట్రైలర్ వచ్చింది, పేరెందుకులెండి. చివర్లో ఒక చిన్న నక్క కొండ అంచున నిలబడి, వెనక్కి తిరిగి ఒక మాట అని పెదాలు బిగిస్తుంది. తెలుగులో ఆ మాట "నేను వెళ్ళిపోతున్నాను". నక్క నోరు "వెళ్ళి" దగ్గరే మూతబడింది, మిగతాది కొండల్లో ప్రతిధ్వనిలా తేలింది. నేను విసుక్కున్నాను. మావాడు శబ్దం తీసేశాడు. నక్క తిరిగే చోటికి వెనక్కి జరిపి, ఒకసారి పెదాలు కదిపి చూసుకున్నాడు. రెండోసారి అద్దం ముందు చూసుకున్నాడు. మూడోసారి నక్క వెనక్కి తిరిగింది, వాడు గొంతు తగ్గించి అన్నాడు.

"ఇక పోదాం."

నక్క పెదాలు, వాడి పెదాలు ఒక్కసారే కలిశాయి. ఇద్దరం అరిచిన అరుపుకు వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది, ఎవరు పడ్డారో అని.